ఛార్జింగ్ పంపు, ఒక్క బటను

మనోహరాబాద్ దగ్గర పట్టాలు విడిపోతాయి. సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా వచ్చిన పాత లైను కామారెడ్డి, నిజామాబాద్ దిక్కు సాగిపోతే, కొత్త లైను ఇక్కడ పక్కకు తిరిగి గజ్వేల్, సిద్దిపేట వైపు పోతుంది. కొత్తపల్లి వరకు 151 కిలోమీటర్లుగా తలపెట్టిన ఆ లైను మీద 2023 అక్టోబరులో సిద్దిపేట దాకా రైలు నడవడం మొదలైంది. అంత బరువైన బండిని ఒక దారి నుంచి ఇంకో దారికి తిప్పేవి చివర సన్నగా చెక్కిన రెండు పట్టా ముక్కలు. అవి జరిగేది కొద్ది అంగుళాలే. లోపల కూర్చున్నవాళ్ళకు చిన్న కుదుపు తప్ప ఏమీ తెలియదు.

బాగా కట్టిన అఫిలియేట్ పేజీని చూసినప్పుడల్లా నాకు ఆ పట్టా ముక్కలు గుర్తుకొస్తాయి. దాని పని కూడా మళ్ళించడమే. అది సరుకు నిలవ చేయదు, డబ్బు తీసుకోదు, పార్సిలు కట్టదు. కొనాలనుకున్న మనిషి ఒకడు వస్తాడు. అతనికి తగిన వస్తువేదో చెప్పి, అది అమ్మే దుకాణం గుమ్మం దాకా దింపుతుంది. అతను కొంటే దుకాణం కమీషను ఇస్తుంది, కొనకపోతే ఏమీ లేదు. పశువుల అంగడిలో తువ్వాలు కింద వేళ్ళు పట్టి ధర కుదిర్చే దలారి మనకు కొత్త కాదు. ఎద్దు అతనిది కాదు, పైసలూ అతనివి కావు. ఏ ఎద్దు ఎవరి పొలానికి పనికొస్తుందో తెలియడమే అతని సరుకు. అఫిలియేట్ సైటు సరుకూ అదే.

ఈ పద్ధతి వయసు చిన్నది. సంగీతం సీడీలు అమ్మే సీడీనౌ 1994లోనే ఇలాంటి ఏర్పాటు పెట్టింది. అమెజాన్ 1996 జూలైలో తన అసోసియేట్స్ పథకం తెరిచాక అది ఊరూరికీ పాకింది. అమెజాన్ మన దేశంలో దుకాణం తెరిచింది 2013లో. ఇప్పుడు ఫోను, కాస్త ఓపిక ఉన్న ఎవరైనా ఇలాంటి సైటు మొదలుపెట్టవచ్చు. అందుకే చాలామంది మొదలుపెడతారు, అందుకే చాలా సైట్లు కిక్కిరిసి ఉంటాయి. పేజీ తెరవగానే పక్కన మూడు ప్రకటనలు, పైన ఊగే పట్టీ, మధ్యలో ఎగిరొచ్చే పెట్టె, కింద ఇరవై వస్తువుల జాబితా. కట్టినవాడి ఆశ అర్థమవుతుంది. ఎక్కువ తలుపులు పెడితే ఏదో ఒక దాంట్లోంచి పోతాడనుకుంటాడు. కానీ తలుపులు పెరిగేకొద్దీ వచ్చినవాడు గుమ్మంలోనే ఆగిపోతాడు.

సాదా పేజీ ఎందుకు ఎక్కువ అమ్ముతుందో తెలియాలంటే ఒక పేజీని ఊహించుకుని, విప్పి, ముక్కముక్కగా చూడాలి. మన చుట్టుపక్కల పనికొచ్చే వస్తువునే తీసుకుంటాను: బ్యాటరీతో నడిచే మందు పంపు, రైతులు ఛార్జింగ్ పంపు అనేది. వరి, పత్తి, కూరగాయలు ఏవి వేసినా దానితో పని పడుతుంది. వీపుకు తగిలించుకునే 16 లీటర్ల ట్యాంకు, అడుగున బ్యాటరీ, చిన్న మోటారు, పైపు, చేతిలో గొట్టం, కొసన నాజిల్. ఈ పంపు ఒక్కదాని గురించే ఒక పేజీ.

ముందు లింకు. పేజీ మొత్తంలో కమీషను తెచ్చే భాగం ఇదొక్కటే కాబట్టి విప్పడం ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. అమెజాన్‌లో ఏదైనా వస్తువు చిరునామా నకలు తీస్తే రెండు మూడు వరుసల పొడవున వస్తుంది. అందులో చాలా భాగం అక్కరలేనిదే. దుకాణం పేరు, డీపీ అనే రెండక్షరాలు, ఆ తరువాత పది అక్షరాంకెల వస్తువు సంఖ్య ఉంటే చాలు, తలుపు తెరుచుకుంటుంది. పుస్తకాలకైతే ఆ పది స్థానాల్లో పాత పద్ధతి ఐఎస్‌బీఎన్ ఉంటుంది. అమెజాన్ పుస్తకాల దుకాణంగా పుట్టిన గుర్తు ఇప్పటికీ ఆ సంఖ్యలో దాగి ఉంది. దాని చివర ట్యాగు అని మన పేరు తగిలిస్తారు. భారతదేశపు ట్యాగులు 21తో ముగుస్తాయి. మంచి పనివాడు మిగతా తోకంతా కోసేసి ఈ నాలుగు ముక్కలే ఉంచుతాడు. ఏదైనా పాడైతే ఎక్కడ పాడైందో ఒక్క చూపులో తెలుస్తుంది.

ఆ లింకు నొక్కగానే దుకాణం ఆ ట్యాగును గుర్తు పెట్టుకుంటుంది. వెబ్‌లో ఇలాంటి గుర్తుకు పాత సాధనం కుకీ. నెట్‌స్కేప్‌లో పనిచేసిన లూ మాంటులీ 1994లో తయారుచేశాడు. దుకాణం మన బ్రౌజరు చేతికి ఒక చిన్న చీటీ ఇస్తుంది, బ్రౌజరు మళ్ళీ వెళ్ళినప్పుడల్లా ఆ చీటీ చూపిస్తుంది. అంతే దాని పని. అమెజాన్ ఈ గుర్తును 24 గంటలు లెక్కలోకి తీసుకుంటుంది. ఆ లోపల వస్తువును బుట్టలో వేసుకుంటే, కొనడం ఆలస్యమైనా దాదాపు మూడు నెలల వరకు కమీషను నిలుస్తుంది.

ఈ 24 గంటల గడువే పేజీ ఆకారాన్ని నిర్ణయిస్తుంది. ఇంకా ఎటూ తేల్చుకోని మనిషిని ముందే దుకాణంలోకి తోస్తే గడియారం వృథాగా తిరుగుతుంది. అతను ఇంటికెళ్ళి, వదినతోనో బావతోనో మాట్లాడి, రెండు రోజుల తరువాత సొంతంగా వెళ్ళి కొంటాడు, గుర్తు అప్పటికే చెరిగిపోయి ఉంటుంది. కాబట్టి అతని సందేహాలన్నీ బటనుకు ఇవతలే తీరాలి. బటను నొక్కేటప్పటికి అతను నిర్ణయించుకుని ఉండాలి. సాదాతనం లెక్కంతా ఇక్కడే ఉంది: పేజీలో ఏది ఉండాలి, ఏది పోవాలి అనే ప్రతి ప్రశ్నకూ ఇదే కొలబద్ద.

ఇప్పుడు పేజీ పైనుంచి కిందికి చూద్దాం. మొదటి వరుస శీర్షిక. ఉత్తమ స్ప్రేయర్లు అని కాకుండా, రెండెకరాల కూరగాయల తోటకు ఏ ఛార్జింగ్ పంపు అని పెడితే, చదివేవాడు తన పొలాన్ని అందులో చూసుకుంటాడు. దాని కిందనే జవాబు. ఉపోద్ఘాతం ఉండదు, వ్యవసాయ చరిత్ర ఉండదు. ఫలానా పంపు కొనండి, ఇందుకు కొనండి అని రెండు వాక్యాలు. ఆ కింద ఒక ఫోటో, దాని కింద బటను. తొందరలో ఉన్నవాడు ఇక్కడే వెళ్ళిపోతాడు. మిగతా వాళ్ళ కోసం కింద కథ మొదలవుతుంది.

ఆ కిందిభాగంలోనే అసలు పనితనం కనబడుతుంది. కంపెనీ పెట్టె మీద 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు అని ఉంటుంది. రెండూ గుణిస్తే 96 వాట్ అవర్లు. అది నిజమే, కానీ రైతుకు దానితో ఏం పని? అతను అడిగేది ఒకసారి ఛార్జి చేస్తే ఎన్ని ట్యాంకులు కొట్టొచ్చని. ఆ జవాబు పెట్టె మీద దొరకదు. పేజీ కట్టేవాడు పంపు తెచ్చి, బ్యాటరీ నింపి, పొద్దున నుంచి అది ఆగేదాకా కొట్టి, ట్యాంకులు లెక్కపెట్టి రాయాలి. బరువూ అంతే. కంపెనీ రాసేది ఖాళీ బరువు, రైతు మోసేది నిండు బరువు. ట్యాంకు నింపితే నీళ్ళే 16 కిలోలు. కాబట్టి రెండూ కలిపి, భుజం మీద పడే మొత్తం బరువే రాయాలి. బెల్టు సన్నగా ఉండి భుజం కోస్తుంటే అదీ రాయాలి. నాజిల్, వాషరు పాడైతే తూప్రాన్‌లో దొరుకుతాయా, హైదరాబాద్ దాకా పోవాలా అన్నది ఇంకొక వాక్యం. చదివేవాడికి ఇవి మూడు నాలుగు చిన్న వాక్యాలు. రాసినవాడికి రెండు రోజుల పని. పేజీ తేలిగ్గా ఉందంటే బరువును ముందే ఎవరో మోశారన్నమాట.

లోపం చెప్పే వాక్యం తప్పనిసరి. కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు దీనికి భయపడతారు, అమ్మకం పోతుందని. నా అభిప్రాయం వేరు. ఒక వస్తువులో ఏది బాగాలేదో చెప్పినవాడి మాటకే, బాగుందన్నప్పుడు విలువ. పైగా ఆ లోపం ఎవరికి అడ్డమో వాళ్ళు ఇక్కడే ఆగిపోతారు, కొని తిప్పి పంపరు. తిప్పి పంపిన వస్తువుకు కమీషను రాదు.

ఇక ఒక్క పంపే ఎందుకు, పది పెట్టకూడదా? షీనా అయ్యంగార్, మార్క్ లెప్పర్ 2000లో ప్రచురించిన ప్రయోగం ఈ సందర్భంలో తరచుగా వినబడుతుంది. కాలిఫోర్నియాలోని ఒక దుకాణంలో 24 రకాల జామ్ పెడితే వచ్చినవాళ్ళలో 60 శాతం మంది ఆగారు, ఆగినవాళ్ళలో 3 శాతం మంది కొన్నారు. ఆరు రకాలే పెడితే 40 శాతం మందే ఆగారు, కానీ వాళ్ళలో 30 శాతం మంది కొన్నారు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. కానీ 2010లో ఇలాంటి ప్రయోగాలన్నీ కలిపి చూసిన పరిశోధకులకు సగటు ప్రభావం దాదాపు సున్నా అని తేలింది. తరువాతి పరిశీలనలు చెప్పిందేమిటంటే, తనకేం కావాలో తెలిసినవాణ్ణి ఎంపికలు బెదిరించవు, తెలియనివాణ్ణి బెదిరిస్తాయి. ఇది గ్రహిస్తే మన పేజీ సంగతి తేలిపోతుంది. పంపుల గురించి అంతా తెలిసినవాడు మన దగ్గరికి రాడు, తిన్నగా దుకాణానికే పోతాడు. మన దగ్గరికి వచ్చేవాడు తేల్చుకోలేక వచ్చినవాడు. అతనికి ఒకటి చెప్పి, అది సరిపడనివాళ్ళకు ఇంకొకటి చెప్పి ఆగడం మర్యాద.

సాదా అంటే పొట్టి అని కాదు. 2011లో బ్రయాన్ లామ్ మొదలుపెట్టిన వైర్‌కట్టర్ అనే అమెరికా సైటు దీనికి మంచి సాక్ష్యం. ఒక్కో వస్తువు మీద వేల మాటల వ్యాసాలు ఉంటాయి అక్కడ. అయినా ఎవరికీ బరువనిపించదు, ఎందుకంటే ఏది కొనాలో పైనే చెప్పేస్తారు, ఆ నిర్ణయానికి ఎలా వచ్చారో కింద దొంతరలుగా పెడతారు. ఎవరికి ఎంత లోతు కావాలో అంతే దిగుతారు. న్యూయార్క్ టైమ్స్ 2016లో ఆ సైటును 3 కోట్ల డాలర్లు ఇచ్చి కొన్నది.

మనవాళ్ళ పని కూడా చెప్పాలి. మనోహరాబాద్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని ఉత్తరానికి పోతే నిజామాబాద్ జిల్లా వస్తుంది. అక్కడ పుట్టిన ఫణీంద్ర సామా 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి బస్సు టికెట్ దొరక్క నిలిచిపోయాడు. మరుసటి ఏడాది సుధాకర్ పసుపునూరి, చరణ్ పద్మరాజులతో కలిసి రెడ్‌బస్ పెట్టాడు. అది అఫిలియేట్ సైటు కాదు గానీ, బతికేది కమీషను మీదే. బస్సు ఒక్కటీ సొంతం కాదు. దాని ముందు తలుపు చూడండి: ఎక్కడి నుంచి, ఎక్కడికి, ఏ రోజు. మూడు గళ్ళు, ఒక బటను. ట్రావెల్స్ ఆఫీసు కిటికీ దగ్గర మనం అడిగే మాటలు సరిగ్గా అవే, అదే వరుసలో. దాని వెనక ఎన్నో ట్రావెల్స్ యాజమాన్యాలు, ఒక్కో బస్సుకు ఒక్కో సీట్ల అమరిక, నిమిష నిమిషానికి మారే ఖాళీల లెక్క. ఆ చిక్కంతా గోడ వెనక ఉంచి, ప్రయాణికుడి నోట్లో ముందే ఉన్న మూడు మాటలను మాత్రం ముందు పెట్టడం ఎంత చక్కని పని!

హైదరాబాద్‌లో 2013లో మొదలైన గ్రాబ్‌ఆన్ లాంటి కూపన్ సైట్లలో ఇంకో చిన్న యంత్రం ఉంటుంది. కూపన్ కోడు సగం కప్పి ఉంటుంది. చూడాలని నొక్కితే కోడు బయటపడుతుంది, దుకాణమూ తెరుచుకుంటుంది, తెరుచుకునేటప్పుడే ట్యాగు అతుక్కుంటుంది. కొనేవాడు చేసింది ఒక్క నొక్కు. జరిగినవి మూడు పనులు. అతనికి అవసరమైన పనీ, సైటుకు అవసరమైన పనీ ఒకే నొక్కులో ఇమిడిపోయాయి. మెట్లు తగ్గించడం అంటే ఇదే. ప్రతి మెట్టు దగ్గరా సగం మంది జారిపోతారనుకుందాం. మూడు మెట్లుంటే వందలో పన్నెండు మంది మిగులుతారు, రెండుంటే పాతిక మంది. ఒక్క మెట్టు తీసేస్తే అమ్మకం రెట్టింపు.

తెలుగు పేజీకి ప్రత్యేకమైన పనులు కొన్ని ఉన్నాయి, నాకు బాగా ఇష్టమైనవి కూడా అవే. స్ప్రేయర్ అన్న మాట తీసుకోండి. కంప్యూటరుకు అది తొమ్మిది సంకేతాలు: స, పొల్లు, ప, పొల్లు, ర, ఏత్వం, య, ర, పొల్లు. తెలుగు సంకేతం ఒక్కోటి యూటీఎఫ్-8 పద్ధతిలో మూడు బైట్లు. మొత్తం 27. ఇంగ్లీషులో అదే మాట ఏడు బైట్లలో అయిపోతుంది. ఇది చూసి తెలుగు పేజీలు బరువని కొందరు బెంగపడతారు. అక్కర్లేదు. యూనికోడ్‌లో తెలుగుకు కేటాయించిన 128 స్థానాలన్నిటికీ మొదటి బైటు ఒకటే. రెండో బైటు రెండే రకాలు. అంటే ప్రతి మూడింటిలో నిజంగా మారేది దాదాపు మూడోదే. సర్వరు పేజీని పంపేముందు నొక్కి చిన్నది చేసేటప్పుడు ఈ పునరుక్తి అంతా మడతపడిపోతుంది. 600 మాటల పేజీలో మాటకు ఎనిమిది సంకేతాలు వేసుకున్నా, నొక్కకముందే 14,400 బైట్లు. ఫోనుతో తీసిన 3 మెగాబైట్ల ఫోటో ఒక్కటి దానికి 200 రెట్లు పైన. బరువు మాటల్లో లేదు, బొమ్మలో ఉంది. ఫోటోను తెర వెడల్పుకు కుదించి పెడితే సగం పని అయిపోయినట్టే.

పేజీ చిరునామా మాత్రం తెలుగులో పెట్టకూడదు. చిరునామాలో తెలుగు బైటు ఒక్కోటి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలవుతుంది. స్ప్రేయర్ అన్న ఒక్క మాట 81 అక్షరాలకు సాగుతుంది. వాట్సాప్ గ్రూపులో ఆ లింకు పడితే వైరస్ అనుకుని ఎవరూ ముట్టరు. పంపు అన్న మాటను నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే సరిపోతుంది.

అక్షరాల రూపం సంగతి. ఆండ్రాయిడ్ ఫోనుల్లో నోటో తెలుగు అక్షరాలు ముందే ఉంటాయి. మండలి, రామభద్ర లాంటి అందమైన ఫాంట్లు సిలికానాంధ్ర పుణ్యమా అని అందరికీ ఉచితంగా దొరుకుతున్నాయి. శీర్షికకు వాటిలో ఒకటి దింపుకోవచ్చు, ఒళ్ళంతా అక్కర్లేదు. వరుసల మధ్య జాగా మాత్రం ఇంగ్లీషు కొలతతో ఇవ్వకూడదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. స్ప్రే అన్న ఒక్క అక్షరం కింద రెండు ఒత్తులు వేలాడతాయి. వరుస ఎత్తు అక్షరం ఎత్తుకు ఒకటిన్నర రెట్లకు పైన లేకపోతే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తాకుతుంది, కన్ను అలిసిపోతుంది, చదివేవాడు కారణం తెలియకుండానే పేజీ మూసేస్తాడు.

బటను దగ్గరికి వద్దాం. గూగుల్ సూచించే కనీస కొలత ఫోను తెర మీద దాదాపు 9 మిల్లీమీటర్లు పడుతుంది, బొటనవేలి కొసకు సరిపోయేంత. అంతకన్నా ముఖ్యం, అది కదలకూడదు. ఫోటో ఎంత ఎత్తుందో పేజీలో ముందే రాయకపోతే, బ్రౌజరు మాటలను ముందు పరిచేసి, ఫోటో వచ్చాక అన్నిటినీ కిందికి తోస్తుంది. నొక్కబోయిన వేలి కిందినుంచి బటను జారిపోతుంది. ఫోటో వెడల్పు, ఎత్తు అనే రెండు అంకెలు రాస్తే ఆ చోటు ఖాళీగా కాచుకుని ఉంటుంది. గూగుల్ ఈ కదలికను కొలుస్తుంది, 0.1 లోపల ఉండాలంటుంది. పేజీలోని పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కిన నొక్కుకు 200 మిల్లీసెకన్లలో పేజీ పలకాలి. పైన ఊగే పట్టీలు, ఎగిరొచ్చే పెట్టెలు తీసేస్తే ఈ మూడూ వాటంతట అవే దారికొస్తాయి.

బటను మీద ధర రాయరు. ధరలు గంటగంటకూ మారతాయి, చేత్తో రాసిన ధర చూపడాన్ని అమెజాన్ నిబంధనలు ఒప్పుకోవు. ఇప్పటి ధర చూడండి అని రాస్తే అది నిజమూ అవుతుంది, నొక్కడానికి కారణమూ అవుతుంది. బటనుకు దగ్గరలోనే, మీరు ఈ లింకు ద్వారా కొంటే మాకు కమీషను వస్తుంది అన్న వాక్యం ఉండాలి. 2021లో ప్రకటనల ప్రమాణాల మండలి, 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇచ్చిన మార్గదర్శకాలు ఇలాంటి సంబంధాన్ని దాచకుండా చెప్పమంటాయి. చెప్పేది చదివేవాడి భాషలోనే, అదే సైజు అక్షరాల్లో చెప్పాలి. తెలుగు పేజీ అడుగున ఇంగ్లీషు ముక్క పెట్టడం చెప్పడం కాదు. గూగుల్‌కు చెప్పడానికి లింకులో స్పాన్సర్డ్ అనే మాట 2019 నుంచి ఉంది, అది కంటికి కనబడదు.

పేజీలో రెండు చోట్ల బటను ఉంటుంది: జవాబు కింద ఒకటి, అంతా చదివినవాళ్ళ కోసం అడుగున ఒకటి. వస్తువు అదే, దింపే గుమ్మమూ అదే. ట్యాగులు మాత్రం వేరు వేరు. నెలాఖరున లెక్క చూస్తే ఎవరు పైనుంచి వెళ్ళారో, ఎవరు చివరిదాకా చదివి వెళ్ళారో తెలుస్తుంది. చిన్న సైటుకు వచ్చే కొద్దిమందితో పెద్ద పెద్ద పరీక్షలు పెట్టి తేల్చడం కుదరదు. ఈ రెండు ట్యాగులు చాలు. అడుగు బటను నుంచే ఎక్కువ అమ్మితే పైన ఇచ్చిన జవాబులో ఏదో తక్కువైందని అర్థం, ఏ సందేహాన్ని కింది వాక్యాలు తీరుస్తున్నాయో వెతికి దాన్ని పైకి తేవాలి.

పేజీ నెట్‌లో పెట్టాక చూడాల్సింది ఇంట్లో కూర్చుని కాదు. మధ్యాహ్నం పొలం గట్టు మీద నిలబడి, చవక ఫోనులో, ఎండ పడుతున్న తెర మీద చూడాలి. అక్షరం కనబడుతుందా, తడిచేత్తో బటను అందుతుందా, మేడ్చల్ దాటాక సిగ్నలు సన్నబడిన చోట ఫోటో ఎంతసేపట్లో వస్తుంది? కాళ్లకల్ ఫ్యాక్టరీ షిఫ్టు దిగి బస్సు కోసం నిలబడ్డవాడు ఒంటిచేత్తో చదవగలడా?

ఆ తరువాత పని ఏడాది పొడుగునా ఉంటుంది. కంపెనీలు మోడళ్ళు మారుస్తాయి, సరుకు అయిపోతుంది, ఒక పొద్దున ఆ పంపు దుకాణంలో ఉండదు. అందుకే పేజీ అడుగున చివరిసారి సరిచూసిన తేదీ ఉంటుంది. నెలకోసారి ఎవరో ఒకరు బటను నొక్కి, అవతలి గుమ్మం తెరిచే ఉందో లేదో చూస్తారు. లేకపోతే ఇంకో పంపు తెచ్చి, బ్యాటరీ నింపి, మళ్ళీ ట్యాంకులు లెక్కపెట్టాలి. బరువు తూచాలి. రాసిన వాక్యాల్లో అంకెలు మార్చాలి. చివరికి లింకు తెరిచి, డీపీకీ ట్యాగుకీ మధ్య ఉన్న పది అక్షరాంకెలు చెరిపి, కొత్త పంపువి పది అక్కడ దించుతారు.